వెన్నునొప్పిని చెప్పే తెలుగు: వాడుకమాటలు, వైద్యభావనలు, నిర్వహణ

పరిశోధన సంగ్రహం:

నడుము, వెన్నెముకలకు సంబంధించిన బాధలను తెలుగువారు ఏ మాటలతో చెప్పుకుంటారో, ఆ మాటలు వైద్యశాస్త్ర భావనలతో ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగి చెప్పే ‘పట్టేసింది’, ‘గుంజుతోంది’, ‘మొద్దుబారింది’ వంటి మాటలు వ్యాధి నిర్ధారణకు బలమైన ఆధారాలు. నివేదికల నుంచి వాడుకలోకి దిగిన ‘జారింది’, ‘అరిగింది’ వంటి మాటలు చాలాసార్లు అకారణ భయానికి మూలాలు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని ఉప్పల్, నాచారం ప్రాంతపు శ్రామిక జీవనాన్ని సందర్భంగా తీసుకొని, సరైన పదం సరైన నిర్వహణకు ఎలా దారితీస్తుందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వెన్నెముక, నడుమునొప్పి, వెన్నుపాము, గృధ్రసి, డిస్కు, మత్తుసూది, వైద్య పదజాలం.

1. ఉపోద్ఘాతం:

ప్రపంచంలో మనిషిని పనికి దూరం చేస్తున్న కారణాలలో నడుమునొప్పిది మొదటి స్థానం. 2020లో దాదాపు 61.9 కోట్ల మంది ఈ బాధతో ఉన్నారని, 2050 నాటికి వారి సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం 2023లో అంచనా వేసింది. ప్రాణం తీసే జబ్బు కాకపోవడం వల్ల దీనికి రావలసినంత గుర్తింపు రాలేదు. అయితే కూలి మీద బతికే కుటుంబంలో సంపాదించే మనిషి మూడు నెలలు మంచం పట్టడం ఆ ఇంటికి ఆపదే.

ఉప్పల్, నాచారం ప్రాంతం ఈ సమస్యను గమనించడానికి అనువైన చోటు. ఇక్కడ పారిశ్రామికవాడల్లో యంత్రాల దగ్గర నిలబడి పనిచేసేవారు, గోదాముల వద్ద మూటలు మోసే హమాలీలు, కుట్టుమిషను మీద వంగి ఉండే మహిళలు, ద్విచక్రవాహనాలపై సరుకులు చేరవేసే యువకులు, కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగులు ఒకే బస్సులో ప్రయాణిస్తారు. అందరి నోటా ‘నడుమునొప్పి’ అన్న ఒకే మాట వినిపిస్తుంది. ఆ మాట వెనుక ఉన్న బాధలు మాత్రం ఒకటి కావు.

వైద్యుడికి రోగి చెప్పే మాటే తొలి ఆధారం. వైద్యుడు తిరిగి చెప్పే మాటే రోగి తర్వాతి ప్రవర్తనకు పునాది. ఈ రెండు మాటల నడుమ ఉన్న దూరాన్ని పరిశీలించడం భాషా పరిశోధకుల బాధ్యత కూడా. ఈ వ్యాసం వైద్యసలహాకు ప్రత్యామ్నాయం కాదు.

2. దేహభాగాల పేర్లు - అర్థవ్యాప్తి:

‘నడుము’ అన్న పదానికి ‘నడు’ మూలం. నడుమ, నడిమి అనే పదాలు దీని సోదరాలు. దేహానికి మధ్యభాగం కాబట్టి అది నడుము. ఈ అర్థం వల్లే ఆ పదం వెనుక భాగానికి పరిమితం కాకుండా చుట్టూ ఉన్న వలయాన్నంతటినీ సూచిస్తుంది. వడ్డాణం పెట్టుకునేదీ నడుముకే, పలుగు పట్టినప్పుడు నొచ్చేదీ నడుమే. అందువల్ల ‘నడుమునొప్పి’ అన్న రోగికి వెన్నెముక కింది భాగంలో నొప్పి ఉండవచ్చు. మూత్రపిండంలో రాయి వల్ల పక్కలో పోటు ఉండవచ్చు. గర్భాశయ సంబంధమైన బాధ ఉండవచ్చు. తుంటి కీలు నొప్పి కూడా కావచ్చు. ‘ఎక్కడో చేయి పెట్టి చూపండి’ అని వైద్యుడు అడగడంలోని అవసరం ఇదే.

‘వెన్ను’ అన్న పదం వెనుక, వెంట అనే పదాలకు బంధువు. వీపు విశాలమైన తలం, వెన్ను ఆ తలం మధ్య నిలువుగా సాగే గీత. వరి కంకికీ వెన్ను అనే పేరుంది. సన్నని ఈనె చుట్టూ గింజలు వరుసగా అమరిన ఆ కంకిని, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న పూసల వెన్నెముకను పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక తోస్తుంది. తెలుగు జాతీయాలు కూడా ఈ భాగానికి ఎంతో విలువనిచ్చాయి. పూనుకోవడం నడుము కట్టడం, విశ్రమించడం నడుము వాల్చడం, ఆధారం కోల్పోవడం నడుము విరగడం, అండ వెన్నుదన్ను, పారిపోవడం వెన్ను చూపడం. నడుము దెబ్బతిన్నదంటే జీవితాధారమే దెబ్బతిన్నదన్న భావం మన భాషలో ముందే ఉంది. అందుకే నడుమునొప్పి వార్త మనల్ని ఎక్కువ భయపెడుతుంది.

వెన్నెముకలో 33 వెన్నుపూసలు ఉంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. త్రికభాగంలోని 5 పూసలు, తోక ఎముకలోని 4 పూసలు పెద్దవారిలో కలిసిపోయి ఉంటాయి. పూసల మధ్య మెత్తలవంటి నిర్మాణాలే డిస్కులు. పూసల వెనుక ఉన్న కాలువలో మెదడు నుంచి దిగివచ్చే నాడీతంతువుల కట్టే ‘వెన్నుపాము’. వాడుకలో వెన్నెముక, వెన్నుపూస, వెన్నుపాము అనే మూడు పదాలు తరచుగా ఒకదానికి బదులు మరొకటి వస్తుంటాయి. ఎముకల నిలువు వరుస వెన్నెముక. అందులో ఒక్కొక్క ఎముక వెన్నుపూస. లోపలి నాడీకాండం వెన్నుపాము. ఈ తేడా తెలియకపోవడం ఎంత దూరం తీసుకువెళ్తుందో అయిదవ విభాగంలో చూడవచ్చు.

3. నొప్పిని చెప్పే క్రియలు - రోగ సూచనలు:

తెలుగులో నొప్పికి నామవాచకాల కంటే క్రియలే ఎక్కువ పనిచేస్తాయి. అవి వైద్యానికి చాలా ఉపకరిస్తాయి.

‘పట్టేసింది’: బరువు ఎత్తినప్పుడో, హఠాత్తుగా వంగి లేచినప్పుడో నడుము కదలనివ్వకపోవడం. కండరాలు బిగుసుకుపోవడం దీనికి సాధారణ కారణం. చాలామందిలో కొన్ని వారాలలో తగ్గుతుంది.

‘గుంజుతోంది’, ‘లాగుతోంది’: పిరుదు నుంచి తొడ వెనుకగా పిక్క, పాదం వరకు దిగే నొప్పి. నాడీమూలం ఒత్తిడికో, వాపుకో గురైందని ఇది సూచిస్తుంది. వాడుకలో దీనికి ‘సయాటికా’ అన్న పేరు స్థిరపడింది. ఆయుర్వేదం దీన్ని ‘గృధ్రసి’ అంది. చరకసంహిత చికిత్సాస్థానంలోని వాతవ్యాధి అధ్యాయం ఈ నొప్పి పిరుదు నుంచి పాదం దాకా దిగే క్రమాన్ని వర్ణిస్తుంది. గృధ్రం అంటే గద్ద. రోగి కాలు ఈడుస్తూ నడిచే తీరు గద్ద నడకను పోలి ఉంటుందని పేరుకు ఒక వివరణ.

‘తిమ్మిరెక్కింది’, ‘మొద్దుబారింది’, ‘చురుక్కుమంటోంది’: స్పర్శకు సంబంధించిన నాడుల బాధ. ‘నడుస్తుంటే చెప్పు జారిపోతోంది’, ‘కాలి వేళ్లు నేలకు తగులుతున్నాయి’ అన్న మాటలు నొప్పి గురించి కాదు, బలహీనత గురించి. వీటిని నొప్పి కంటే తీవ్రంగా పరిగణించాలి.

‘పొద్దున లేవగానే బిగుసుకుపోతుంది’: కాసేపు తిరిగితే సర్దుకునే బిగువు సాధారణం. నలభై ఏళ్లలోపు వారిలో నెలల తరబడి ఉంటూ, అరగంటకు మించి వదలకుండా, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే బిగువు మాత్రం వెన్నెముక కీళ్లవాతానికి సూచన.

‘నడిస్తే కాళ్లు బరువెక్కుతున్నాయి, వంగి కూర్చుంటే హాయిగా ఉంటుంది’: పెద్ద వయసులో వెన్నుకాలువ ఇరుకైనప్పుడు వినిపించే మాట ఇది.

ఈ మాటలన్నింటినీ ‘నడుమునొప్పి’ అన్న ఒక్క పదంలోకి కుదించి చెప్పినప్పుడు రోగి తన వద్ద ఉన్న సమాచారంలో ఎక్కువ భాగాన్ని కోల్పోతాడు. తన ఇంటిమాటలో చెప్పే అవకాశం ఇస్తే ఆ సమాచారం వైద్యుడికి చేరుతుంది.

4. నివేదికల నుంచి వచ్చిన మాటలు - భయం:

1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ డిస్కులోని పదార్థం బయటికి ఉబికి నాడీమూలాన్ని నొక్కడం వల్ల కాలినొప్పి వస్తుందని వివరించారు. అప్పటి నుంచి డిస్కు ప్రజల భాషలో ప్రధానపాత్ర అయింది. తెలుగులో అది ‘డిస్కు జారింది’గా స్థిరపడింది. నిజానికి డిస్కు జారే వస్తువు కాదు. పైకీ కిందికీ పూసలతో గట్టిగా అతుక్కొని ఉంటుంది. దాని చుట్టూ ఉన్న గట్టి వలయం బలహీనపడిన చోట లోపలి మెత్తని గుజ్జు ఉబుకుతుంది. ‘జారింది’ అన్నప్పుడు ‘మళ్లీ లోపలికి నెట్టాలి’, ‘కదిలితే ఇంకా జారుతుంది’ అన్న ఊహలు సహజంగా వస్తాయి. ‘ఉబికింది’ అంటే ‘తగ్గవచ్చు’ అన్న ఊహకు చోటుంటుంది. శాస్త్రం ఈ రెండో ఊహ పక్షాన ఉంది. ఉబికిన భాగం చాలామందిలో శస్త్రచికిత్స లేకుండానే కాలక్రమంలో కుంచించుకుపోతుంది.

‘అరిగింది’, ‘గ్యాప్ వచ్చింది’ అన్న మాటలు మరింత వ్యాప్తిలో ఉన్నాయి. యంత్రభాగం అరిగితే మార్చాలి, వాడకం తగ్గించాలి. దేహాన్ని యంత్రంగా ఊహించిన రోగి కదలిక తగ్గించుకుంటాడు. కండరాలు బలహీనపడతాయి, నొప్పి పెరుగుతుంది, ‘ఇంకా అరిగింది’ అనుకుంటాడు. ఈ వలయాన్ని తెంచడానికి ఒక సమాచారం ఉపయోగపడుతుంది. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్నెముక చిత్రాలను పరిశీలించిన 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. దాని అంచనా ప్రకారం నొప్పి లేనివారిలోనే ఇరవై ఏళ్ల వయసులో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ల వయసులో 96 శాతం మందికి డిస్కు క్షీణత కనిపిస్తుంది. డిస్కు ఉబ్బు 30 శాతం నుంచి 84 శాతానికి పెరుగుతుంది. అంటే చిత్రంలో కనిపించే మార్పులలో చాలా భాగం నెరిసిన వెంట్రుకల వంటివి. రోగి చెప్పే నొప్పితో, పరీక్షలో తేలిన లక్షణాలతో సరిపోయినప్పుడే వాటికి ప్రాధాన్యం.

‘స్పాండిలైటిస్’ అన్న మాటదీ ఇదే కథ. గ్రీకులో ‘స్పాండిలోస్’ అంటే వెన్నుపూస. ‘ఐటిస్’ ప్రత్యయం వాపును, ‘ఓసిస్’ ప్రత్యయం ఇక్కడ వయసుతో వచ్చే మార్పును తెలుపుతాయి. తెలుగు వాడుకలో మెడనొప్పి, నడుమునొప్పి అన్నీ ‘స్పాండిలైటిస్’ ఖాతాలోకి వెళ్లాయి. దానివల్ల వాపుతో కూడిన, మందులు తప్పనిసరైన అసలు జబ్బుకు ప్రత్యేకమైన పేరు లేకుండా పోయింది.

5. వెన్నుకు మత్తుసూది - ఒక బలమైన విశ్వాసం:

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. దేశంలో ఇదే అత్యధికం. ఈ శస్త్రచికిత్సలలో ఎక్కువ భాగం వెన్నుకు ఇచ్చే మత్తుతోనే జరుగుతాయి. ‘ఆ సూది వేసినప్పటి నుంచే నడుమునొప్పి’ అన్న మాట వినని తెలుగు ఇల్లు అరుదు.

ఇక్కడ పదాల కలగాపులగం ప్రభావం స్పష్టం. ‘వెన్నుపాముకు సూది’ అన్న వాడుక వల్ల నాడీకాండాన్నే సూది గుచ్చిందన్న భావం కలుగుతుంది. పెద్దవారిలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండవ పూసల దగ్గరే ముగుస్తుంది. సూదిని అంతకంటే కింద, నాడులు విడివిడిగా ద్రవంలో తేలుతూ ఉండే చోట వేస్తారు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. కొందరికి తలనొప్పి వస్తుంది. ఏళ్ల తరబడి ఉండే నడుమునొప్పికి ఈ సూది కారణమని అధ్యయనాలు నిర్ధారించలేదు. గర్భం ధరించిన కాలంలో నడుముపై పడే భారం, పలచబడిన పొట్ట కండరాలు, వంగి పాలివ్వడం, నిద్రలేమి, బిడ్డనెత్తుకొని చేసే ఇంటిపని వంటి కారణాలు సాధారణ కాన్పు అయినవారికీ ఉంటాయి.

ఈ విశ్వాసాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయడం తగదు. ఆ స్త్రీ నొప్పి నిజం. ‘సూది వల్ల’ అనుకున్నప్పుడు దానికి చేయగలిగింది ఏమీ ఉండదు. ‘కండరాల బలహీనత వల్ల’ అని తెలిసినప్పుడు వ్యాయామం, ఇంటిపనిలో పంపకం, విశ్రాంతి అన్న మార్గాలు తెరుచుకుంటాయి. కారణాన్ని సూచించే పదం మారితే నిర్వహణ మారుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

6. నిర్లక్ష్యం చేయరాని వెన్నుబాధలు:

నడుమునొప్పిలో సుమారు 90 శాతం ప్రత్యేకమైన వ్యాధికారణం తేలనిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలిన భాగంలో ఉన్నవాటిని మాత్రం గుర్తించాలి.

మొదటిది వెన్నెముక క్షయ. ఊపిరితిత్తుల క్షయ అందరికీ తెలుసు. వెన్నుకు క్షయ వస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. 1779లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ దీన్ని వర్ణించాడు. రాత్రిళ్లు కూడా వదలని నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం దీని లక్షణాలు. పూస కూలితే వెన్ను ముందుకు వంగి గూని ఏర్పడుతుంది; కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. సకాలంలో గుర్తిస్తే మందులతో నయమవుతుంది. ఆ మందులు జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ఉచితం. ‘గూని’ని విధిరాతగా చూసిన సమాజానికి, గూని వెనుక నయం చేయగల జబ్బు ఉండవచ్చని చెప్పడం అత్యవసరం.

రెండవది తెలుగు నేలకు ప్రత్యేకంగా తెలిసిన ఫ్లోరోసిస్. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాలలో ఈ వ్యాధిని గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. తాగునీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలలో చేరి, పూసలను కలిపే స్నాయువులు గట్టిపడి, వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. వెన్నుపాముపై ఒత్తిడి పడితే అవయవాలు పట్టు తప్పుతాయి. నల్లగొండ జిల్లా పేరు ఈ బాధతో ముడిపడింది. నాచారానికి పొరుగున తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని గురించి 1973లో ప్రకటించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్లగొండ పేరే పెట్టారు. దెబ్బతిన్న ఎముకను పూర్వస్థితికి తెచ్చే మందు లేదు. ఈ జబ్బుకు వైద్యం వైద్యశాలలో కంటే నీటికుళాయి దగ్గరే ఎక్కువ. ఉప్పల్ ప్రాంతానికి బతుకుదెరువు కోసం నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దవయసు వ్యక్తి వెన్ను బిగుసుకుందని చెప్పినప్పుడు, చిన్ననాట తాగిన నీటిని గురించి అడగడం అవసరం.

మూడవది రుతుక్రమం ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారడం. చిన్న కుదుపుకే పూస నొక్కుకుపోవచ్చు. ఎత్తు తగ్గడం, వీపు వంగడం దీని గుర్తులు.

వీటికి తోడు కొన్ని అత్యవసర సూచనలు ఉన్నాయి. మూత్రం, మలం మీద అదుపు తప్పడం లేదా మూత్రం బంద్ కావడం. మర్మావయవాల చుట్టూ, జీను తగిలే చోట మొద్దుబారడం. కాళ్ల బలం రోజురోజుకూ తగ్గడం - వీటిలో ఏది కనిపించినా గంటలు లెక్కపెట్టి ఆసుపత్రికి చేరాలి. జ్వరం, కారణం లేని బరువు తగ్గుదల, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ, దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడకం ఉన్నవారు త్వరగా పరీక్ష చేయించుకోవాలి. సిగ్గు వల్ల మొదటి రెండు లక్షణాలను రోగులు దాచుకోవడం సహజం. కాబట్టి అడిగేవారే సూటిగా, మర్యాదైన తెలుగులో అడగాలి.

7. నిర్వహణ - వ్యక్తి, పని, సమాజం:

‘నడుము పట్టేస్తే కదలకుండా పడుకోవాలి’ అన్నది పాతకాలపు వైద్యసలహా. ఇంగ్లిషు వైద్యం కూడా చాలాకాలం అదే చెప్పింది. 1995లో ఫిన్లాండులో జరిగిన పరిశోధన, మంచం పట్టినవారి కంటే ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకున్నవారు త్వరగా కోలుకున్నారని చూపింది. ఒకటి రెండు రోజులు నడుము వాల్చడం తప్పు కాదు, వారాలు పడుకోవడం హాని. దీర్ఘకాలిక నడుమునొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, మానసిక చికిత్స వంటివాటికి ప్రాధాన్యమిచ్చాయి. నడుము బెల్టులను, లాగుడు చికిత్సను, ఓపియాయిడ్ నొప్పిమాత్రలను నిత్య చికిత్సగా సిఫారసు చేయలేదు. ఏ వ్యాయామం మేలన్నది ప్రధానం కాదు. మానకుండా చేయగలిగినదే మేలు. నడక అందరికీ అందుబాటులో ఉన్న ఆరంభం.

అయితే వ్యాయామం గురించి చెప్పి పనిస్థలం గురించి మౌనంగా ఉండడం శ్రామికుడికి అన్యాయం. మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని ఎత్తమని చెప్పే శిక్షణ మంచిదే. కానీ కేవలం శిక్షణతో నడుమునొప్పులు తగ్గినట్లు పరిశోధనలలో గట్టి ఆధారాలు కనిపించలేదు. మూట బరువు, రోజుకు ఎన్నిసార్లు ఎత్తాలన్నది, విరామం ఉందా లేదా అన్నవే నిర్ణాయకం. సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 నాటి 128వ సిఫారసు పురుషుడు మోయదగిన గరిష్ఠ బరువును 55 కిలోలుగా పేర్కొంది. అమెరికాకు చెందిన వృత్తి ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పుడే సిఫారసు చేసిన బరువు 23 కిలోలు. మన దేశంలో 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షను హాని కలిగించేంత బరువులు మోయించరాదని చెప్పింది. ఇలాంటి నియమాలు గేటు లోపలి ఉద్యోగికి కొంత అండ. గేటు బయట లారీ దించే హమాలీకి ఆ అండ అందడం కష్టం.

కుర్చీలో కూర్చునేవారికీ ఇదే సూత్రం వేరే రూపంలో వర్తిస్తుంది. ‘సరైన భంగిమ’ ఒకటి ఉందని, దానిలో కదలకుండా కూర్చోవాలని అనుకోవడం అపోహ. ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి ఉంటే నొప్పే. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం ఖరీదైన కుర్చీ కంటే మేలు.

8. పదప్రయోగానికి కొన్ని సూచనలు:

వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు, పత్రికలవారు, పాఠ్యపుస్తక రచయితలు ఈ క్రింది వాడుకలను పరిశీలించవచ్చు.

1. ‘డిస్కు జారింది’కి బదులు ‘డిస్కు ఉబికింది’.
2. ‘ఎముకలు అరిగాయి’కి బదులు ‘వయసుకు తగిన మార్పులు ఉన్నాయి’.
3. ‘వెన్నుపాముకు సూది’కి బదులు ‘నడుము దగ్గర మత్తుసూది’.
4. వాపుతో కూడిన జబ్బుకు ‘వెన్ను కీళ్లవాతం’ అని, వయసు మార్పులకు ‘వెన్ను ముదురు’ అని వేరు పేర్లు.
5. ‘ఇక బరువు పనులు మానేయాలి’కి బదులు ‘ఇన్ని వారాలు తగ్గించి, తర్వాత క్రమంగా పెంచాలి’.

చివరిది పదానికి సంబంధించిన సూచనలా కనిపించదు. కూలిపని తప్ప వేరే ఆధారం లేని మనిషికి ‘మానేయాలి’ అన్న మాట వైద్యసలహాగా వినిపించదు, ఉపాధి తీర్పుగా వినిపిస్తుంది. అతడు సలహాను పక్కనపెట్టి నొప్పిమాత్రలతో పనికి వెళ్తాడు. గడువు చెప్పిన సలహాను పాటించే వీలుంటుంది.

9. ముగింపు:

నడుమునొప్పిని చెప్పడానికి తెలుగుకు పదసంపద కొరత లేదు. పట్టేయడం, గుంజడం, మొద్దుబారడం, బిగుసుకుపోవడం అన్న క్రియలు ఒక్కొక్కటి ఒక్కొక్క రోగస్థితిని వేరుచేసి చూపగలవు. కొరత ఉన్నది వైద్యుడి నుంచి రోగికి వచ్చే దారిలో. ఆ దారిలో ఆంగ్ల నివేదికల పదాలు సగం తర్జుమాలుగా దిగి, నయమయ్యే బాధను శాశ్వత వైకల్యంగా చూపుతున్నాయి; జాగ్రత్తపడవలసిన క్షయ, ఫ్లోరోసిస్ వంటివాటిని సాధారణ నొప్పి కింద కప్పేస్తున్నాయి. తెలుగు శాఖలలోని పరిశోధకులు వృత్తిపదాలను సేకరించినట్లే ఆసుపత్రుల బయటి వరండాలలో వినిపించే వ్యాధి పదజాలాన్ని ప్రాంతాలవారీగా సేకరించి, వైద్యులతో కలిసి పరిష్కరించవలసిన అవసరం ఉంది. ఉప్పల్, నాచారం వంటి చోట్ల అనేక జిల్లాల మాండలికాలు ఒకే వరుసలో నిలబడతాయి కనుక ఆ పని ఇక్కడి నుంచి మొదలుపెట్టడం సులువు.